పాత లారీకి గేర్‌బాక్సు మార్పు: ధర కన్నా దారి ముఖ్యం

సాలూరు: గేర్‌బాక్సు దెబ్బతిన్న పాత లారీ యజమాని ముందు సాధారణంగా మూడు మార్గాలుంటాయి. ఉన్నదానినే విప్పించి బాగు చేయించడం ఒకటి. అదే నమూనాకు చెందిన మరొక బాక్సును తెచ్చి బిగించడం రెండవది. ఎక్కువ గేర్లున్న వేరొక రకానికి మారడం మూడవది. క్లచ్ తొక్కే పని లేని ఆటోమేటిక్ లారీలు మార్కెట్లోకి వచ్చిన తరువాత, పాత లారీకీ అది అమరుతుందా అన్న నాలుగో ప్రశ్న కూడా తలెత్తుతోంది. మైదాన ప్రాంతంలో ఈ ఎంపికలో పొరపాటు జరిగితే డీజిలు ఖర్చు పెరుగుతుంది. సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్ వెళ్లే ఘాట్ రోడ్డులో అదే పొరపాటు ప్రాణాల మీదికి తెస్తుంది.

లారీలకు విజయవాడ తరువాత చెప్పుకొనే పట్టణం సాలూరు. 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనకు ముందు విజయనగరం జిల్లాలో ఉన్న ఈ పట్టణం ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. యజమానులు, డ్రైవర్లు, క్లీనర్లు, బాడీ కట్టేవారు, మెకానిక్కులు ఇలా ఎన్నో కుటుంబాలకు లారీయే జీవనాధారం. ఒకప్పటి 43వ నంబరు, 2010లో సంఖ్యలు మారిన తరువాత 26వ నంబరు అయిన జాతీయ రహదారి నాతవలస వద్ద మొదలై విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం, సాలూరు మీదుగా ఒడిశాలోకి ప్రవేశిస్తుంది. సముద్రమట్టానికి సుమారు 120 మీటర్ల ఎత్తున ఉన్న సాలూరు నుంచి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కొరాపుట్‌కు లోడుతో ఎక్కాలి, తిరిగి లోడుతోనే దిగాలి. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం మీదుగా విశాఖ వెళ్లే 16వ నంబరు రహదారి ఇందుకు భిన్నం. అక్కడ దారి చాలావరకు చదును. ఒకే నమూనా లారీ అయినా ఈ రెండు దారులకు ఒకే గేర్‌బాక్సు సరిపోతుందని చెప్పలేము.

లోపం బాక్సులోనే ఉందా?

బాక్సు కిందికి దించక ముందే తేల్చవలసిన సంగతి ఇది. ఇంజిను నడుస్తూ గేరు న్యూట్రల్‌లో ఉన్నప్పుడు వినిపించే రొద, క్లచ్ తొక్కగానే ఆగిపోతే బాక్సు లోపలి బేరింగులను అనుమానించాలి. క్లచ్ తొక్కినప్పుడే రొద మొదలైతే దోషం సాధారణంగా క్లచ్ రిలీజ్ బేరింగుది. కింది గేర్లన్నిటిలో రొద ఉండి టాప్ గేరులో తగ్గిపోతే కౌంటర్ షాఫ్టు బేరింగులు అరిగాయని భావించవచ్చు. డైరెక్ట్ టాప్ గేరులో ఇంజిను శక్తి ఆ షాఫ్టు మీదుగా పోకుండా నేరుగా వెనక్కి పోవడమే ఇందుకు కారణం. గేరు పడేటప్పుడు కరకరలాడితే సింక్రో కోన్లు అరిగి ఉండవచ్చు, క్లచ్ పూర్తిగా విడవకపోయి ఉండవచ్చు. క్లచ్ సర్దుబాటుతో పోయే దానికి బాక్సు మార్చిన సందర్భాలు లేకపోలేదు.

నూనె తీసి చూస్తే మరికొంత తెలుస్తుంది. సన్నని పసుపు పొడి కనిపిస్తే అది సింక్రోల ఇత్తడి. కొద్దిపాటి అరుగుదల సహజమే. ఉక్కు ముక్కలు, పళ్ల చెక్కులు కనిపిస్తే మాత్రం బాక్సు విప్పక తప్పదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది గేరు దానంతట అదే జారిపోవడం. ఘాట్ దిగేటప్పుడు లారీని నిలువరించేది బ్రేకులొక్కటే కాదు, కింది గేరులో ఉన్న ఇంజిను కూడా. గేరు జారితే ఆ పట్టు క్షణంలో పోతుంది. భారమంతా బ్రేకు డ్రమ్ముల మీద పడి, అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. ఈ లక్షణం కనిపించిన లారీని బాగు చేయించే వరకు ఘాట్‌కు పంపరాదు. ‘ఈ ఒక్క ట్రిప్పే’ అనడం తెగువ అనిపించుకోదు.

క్రౌన్ లెక్క

బాక్సు ఎంపికలో చాలామంది విస్మరించేది వెనుక హౌసింగులోని క్రౌన్, పినియన్ నిష్పత్తి. క్రౌనుకు 41 పళ్లు, పినియనుకు 6 పళ్లు ఉంటే నిష్పత్తి 6.83. పినియనుకు 7 ఉంటే 5.86. ఒకే నమూనా లారీల్లో కూడా ఇది వేరుగా ఉండవచ్చు. మొదటి గేరు నిష్పత్తి 7.5 ఉన్న బాక్సు 6.83 క్రౌనుతో కలిస్తే ఇంజిను తిప్పుడు బలం చక్రాల వద్ద సుమారు 51 రెట్లవుతుంది. మొదటి గేరు 6 ఉన్న బాక్సును తెచ్చి అదే హౌసింగుకు కలిపితే 41 రెట్లే. అంటే లాగే బలంలో అయిదో వంతు పోయినట్లే. చదును దారిలో ఈ తేడా డ్రైవరుకు అంతగా తెలియదు. ఘాట్ మలుపులో లోడుతో ఆగిన లారీని తిరిగి కదిలించేటప్పుడు క్లచ్ ప్లేటు మాడిన వాసనతో తెలుస్తుంది.

ఓవర్‌డ్రైవ్ ఉన్న ఆరు గేర్ల బాక్సుకు మారితే లాభం లేదని కాదు. టాప్ గేరు 0.8 ఉంటే, డైరెక్ట్ టాప్‌లో నిమిషానికి 2,000 చుట్లు తిరిగే ఇంజిను అదే వేగానికి 1,600 చుట్లు తిరిగితే చాలు. ఇచ్ఛాపురం దారిన నడిచే బండికి ఇది డీజిలు ఆదా. ఘాట్ బండికి టాప్ గేరు కంటె మొదటి మూడు గేర్ల మధ్య అంతరమే ముఖ్యం. అంతరం ఎక్కువైతే, ఎక్కుడులో గేరు మార్చేలోగా బండి వేగం పడిపోయి తరువాతి గేరు లాగలేదు.

ఇంజిను బలాన్ని కూడా గమనించాలి. టాటా నమూనాల సంఖ్యలోనే ఈ వివరం ఉంది. 1210 అంటే 12 టన్నుల స్థూల బరువు, సుమారు 100 అశ్వశక్తి. 1613 అంటే 16 టన్నులు, సుమారు 130 అశ్వశక్తి. బలహీనమైన ఇంజినుకు చేసిన బాక్సును టర్బో ఇంజినుకు తగిలిస్తే బోల్టులు సరిపోయినా పళ్లు నిలవవు.

కొనేముందు కొలతలు

వేరే నమూనా బాక్సు తీసుకునేటప్పుడు ముందు షాఫ్టు పొడవు, దాని గాడుల సంఖ్య, క్లచ్ ప్లేటు సైజు, బెల్ హౌసింగు రంధ్రాల అమరిక, వెనుక ఫ్లాంజి బోల్టులు పాత బాక్సుతో పోల్చాలి. బాక్సు పొడవు మారితే ప్రొపెల్లర్ షాఫ్టును కోయించి తిరిగి బ్యాలెన్స్ చేయించవలసి వస్తుంది. టెక్కలి ప్రాంతపు క్వారీల్లో తిరిగే టిప్పర్లకు మరొక షరతు ఉంది. తొట్టెను లేపే పంపును తిప్పడానికి బాక్సు పక్కన పీటీఓ అమర్చే చోటు ఉండాలి.

సాలూరులో దొరకని బాక్సు కోసం విశాఖ, విజయవాడ ఆటోనగర్లను ఆశ్రయించడం వాడుక. తుక్కు లారీ నుంచి తీసిన బాక్సును పై రంగు చూసి కొనరాదు. పై మూత తీయించి ప్రతి గేరు పళ్ల అంచులు చూడాలి, షాఫ్టును చేత్తో కదిపి ఊగిసలాట చూడాలి, కేసింగుకు అతుకు వెల్డింగు ఉంటే వదిలేయాలి. సొంత బాక్సు కేసింగు, షాఫ్టులు బాగుంటే బేరింగులు, సింక్రోలు, సీళ్లు కొత్తవి వేయించుకోవడమే ఎక్కువ సందర్భాల్లో మేలు. దాని చరిత్ర యజమానికి తెలుసు. విడిభాగాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం.

ఆటోమేటిక్ అమరుతుందా?

కొత్త లారీల్లో ఏఎంటీ అని పిలిచేది నిజానికి మామూలు గేర్ల బాక్సే. క్లచ్‌ను, గేర్లను కంప్యూటరు ఆజ్ఞపై యంత్రాలు కదుపుతాయి. నగరాల లోఫ్లోర్ బస్సుల్లో, గనుల డంపర్లలో వాడే టార్క్ కన్వర్టర్ రకంలో మామూలు క్లచ్ బదులు నూనె ద్వారా శక్తి ప్రసారమవుతుంది. ఆ నూనెను చల్లబరచడానికి ప్రత్యేక కూలర్ ఉండాలి. నేటి రకాలు రెండూ ఇంజినుతో ఎలక్ట్రానిక్ సంకేతాల ద్వారా మాట్లాడుకోవాలి. మెకానికల్ పంపుతో నడిచే పాత ఇంజినుకు ఆ భాష రాదు. సెన్సార్లు, వైరింగు, కంప్యూటరు అన్నీ కొత్తగా అమర్చాలంటే ఖర్చు లారీ విలువనే మించిపోవచ్చు. పైగా రిటార్డర్ లేని టార్క్ కన్వర్టర్‌తో ఘాట్ దిగేటప్పుడు ఇంజిను పట్టు తగ్గుతుంది. ఆటోమేటిక్ కావాలనుకునే యజమాని కొత్త లారీ కొనేటప్పుడు ఆలోచించవలసినదే తప్ప పాతదానికి తగిలించదగినది కాదు.

కాగితాలు, ఆయుష్షు

రిజిస్ట్రేషన్ పత్రంలో ఇంజిను, ఛాసిస్ నంబర్లే ఉంటాయి, గేర్‌బాక్సు నంబరు ఉండదు. అయినా పాత బాక్సు కొన్నప్పుడు బిల్లు తప్పనిసరిగా దాచుకోవాలి. దొంగ సరుకు అన్న నింద వస్తే అదే ఆధారం. వాహన నిర్మాణాన్ని మార్చే పనులకు మాత్రం 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వర్తిస్తుంది. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. 15 ఏళ్లు దాటిన భారీ వాహనాలకు ఆ రుసుము 2022 ఏప్రిల్ 1 నుంచి బాగా పెరిగింది. బండిని ఇంకెన్నాళ్లు తిప్పదలచారో తేల్చుకున్నాకే బాక్సు మీద ఎంత పెట్టాలో నిర్ణయించుకోవాలి.

బిగించిన తరువాత పోసే నూనె విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఇత్తడి సింక్రోలున్న బాక్సుకు సాధారణంగా జీఎల్-4 రకం వాడతారు. హౌసింగుకు తెచ్చిన జీఎల్-5 నూనెను తయారీదారు అనుమతి లేనిదే అందులో పోయరాదు. మొదటి ట్రిప్పు తక్కువ లోడుతో చదును దారిలో నడిపి, తిరిగి వచ్చాక నూనె తీసి చూసి, లీకులు, బోల్టుల బిగువు సరిచూసుకోవాలి. ఘాట్ ఎక్కించడం ఆ తరువాతే.