భిలాయి నేర్పిన పాఠము

1919లో వైమార్ నగరమున వాల్టర్ గ్రోపియస్ స్థాపించిన బౌహౌస్ విద్యాలయము కళాకారునికిని చేతిపనివానికిని నడుమ గల అంతరమును తొలగింప బూనినది. అందు పనిశాలయే విద్యార్థికి తరగతి గది. నాజీల ఒత్తిడివలన 1933లో అది మూతపడినను, దాని భావములు దేశదేశములకు వ్యాపించెను. 1961లో అహమ్మదాబాదున వెలసిన జాతీయ రూపకల్పన సంస్థయు పని చేయుచు నేర్చుకొను పద్ధతినే అవలంబించినది.

అంతకు ముందే భారతదేశమున ఆధునిక వాస్తువు విద్యాలయమునకు వెలుపల, ఒక పారిశ్రామిక నగరమున, తన పాఠము చెప్పసాగెను. 1955లో సోవియట్ రష్యాతో ఒడంబడిక కుదిరిన పిదప దుర్గు పట్టణము చెంత భిలాయి ఉక్కు కర్మాగారము వెలసెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి కొలిమిని ప్రారంభించిరి. పనివారికై సెక్టార్లుగా విభజించి కొత్త ఊరు కట్టిరి.

మన పాత పల్లెలలో వాడపేరు చెప్పినంతనే కులము తెలియును. భిలాయిలో సెక్టారు పేరు అట్టి జాడ నీయదు. ఇల్లు ఉద్యోగమును బట్టి లభించును. అందుచేతనే ఉపాధికై వెళ్లిన తెలుగువానికి పంజాబీయు, మలయాళియు ఇరుగుపొరుగులైరి.

అయినను కులము చెరిగినచోట హోదా గీత గీచినది. అధికారికి బంగళా, కార్మికునికి చిన్న క్వార్టరు. ఇంతకంటె లోతైన గీత నగరపు పొలిమేరయందున్నది. కర్మాగారమునకు భూములు పోగొట్టుకొన్న పల్లెలలో కొన్ని, తమ పాత వాడలతో, దాని కావలనే మిగిలినవి. రూపకల్పన బోధించువారు భిలాయి పటమును చూపునపుడు తిన్నని వీథులతోపాటు ఆ పల్లెలను గూడ చూపవలెను.