చలిలో ఆగిపోవు ఇంటి కొలిమి

మన దేశమున ఎక్కువ ప్రాంతములలో ఇంటిని చల్లబరచుకొనుటయే సమస్య. ఉత్తర అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రము, కెనడా మొదలగు ప్రదేశములలో స్థితి ఇందుకు తలక్రిందులు. అచ్చట శీతకాలమున వాతావరణపు ఉష్ణోగ్రత ఒక్కొక్కప్పుడు సున్నకు 30 సెంటిగ్రేడు డిగ్రీలు దిగువకు పోవును. అందుచేత చాల ఇండ్లలో నేలమాళిగలోనో, ఒక మూల గదిలోనో 'ఫర్నేసు' అను కొలిమి ఉండును. అది గాలిని వేడిచేసి గొట్టముల ద్వారా గదులకు పంపును. అది ఆగినచో ఇంటివారు వణకుటయే కాదు, కుళాయి గొట్టములలోని నీరు గడ్డకట్టి, వ్యాకోచించి, గొట్టములను పగులగొట్టును.

విచిత్రమేమనగా, ఈ కొలిమి తరచుగా చలి మిక్కుటమైన రాత్రియందే ఆగిపోవును. అక్కర ఎక్కువైనప్పుడే మొరాయించు ఈ గుణము దానికెట్లు వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానము కొలిమి చరిత్రలో ఉన్నది. ఆ చరిత్రలో మనిషి చేయు పనులు ఒకదాని తరువాత ఒకటి యంత్రమునకు సంక్రమించినవి.

వేడిని కనిపెట్టు కావలివాడు

మంటను దానంతట అదే అదుపులో ఉంచుకొనునట్లు చేయవలెనను యత్నము పాతదే. పదునేడవ శతాబ్దపు తొలినాళ్లలో ఇంగ్లండులో నివసించిన డచ్చి దేశస్థుడు కార్నెలిస్ డ్రెబ్బెల్ కోడిగ్రుడ్లను పొదిగించుటకు ఒక పెట్టెను నిర్మించెను. పెట్టె వేడెక్కినప్పుడు అందులోని సారాయి వ్యాకోచించి పాదరసమును నెట్టును. పాదరసము లేచి మంటకు గాలి పోవు దారిని మూయును. చల్లబడగానే దారి మరల తెరచుకొనును.

ఇంటి కొలిమికి ఇట్టి కావలి ఏర్పడుటకు చాలకాలము పట్టినది. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో బొగ్గు కొలుములు వ్యాపించినవి. ఎవరో ఒకరు మెట్లు దిగి పోయి బొగ్గు వేయవలెను, బూడిద తీయవలెను, గాలితలుపు తెరచి మూయవలెను. విస్కాన్సిన్ రాష్ట్రములోని వైట్‌వాటర్ అను ఊరిలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో వారెన్ జాన్సన్ అను ఉపాధ్యాయుడుండెను. తరగతి గదులలో వేడి చాలినదో లేదో తెలిసికొనుటకు నౌకరు గదిగదికి వచ్చి పోవుచుండుట పాఠములకు భంగకరముగా నుండెను. గది ఉష్ణోగ్రత మారగానే కొలిమి గదిలో గంట మ్రోగునట్లు జాన్సన్ ఒక విద్యుత్ పరికరమును రూపొందించి, 1883లో పేటెంటు పొందెను. అనగా ఈ పరికరము పుట్టినది బడిలో.

జాన్సన్ గంట మనిషిని పిలుచును. పని మనిషియే చేయవలెను. మిన్నియాపోలిసు నగరములో ఆల్బర్టు బట్జ్ అనునతడు 1886లో పేటెంటు పొందిన పరికరము ఆ పనిని కూడ చేసెను. గది చల్లబడినచో విద్యుత్ వలయము పూర్తియై, కీ ఇచ్చిన ఒక చిన్న మర అరచుట్టు తిరిగి, గొలుసును లాగి, కొలిమి గాలితలుపును తెరచును. గది వేడెక్కగానే మరియొక అరచుట్టు తిరిగి తలుపును మూయును. నేడు గోడమీద కనబడు థర్మోస్టాటుకు ఇదియే పూర్వీకము.

మంట ఉన్నదో లేదో చూచు కన్ను

1940 నాటికి కూడ అమెరికాలో సగమునకు పైగా ఇండ్లను బొగ్గే వేడిచేయుచుండెను. వాయువుతో మండు కొలిమి భావన అంతకు ముందే కలదు. న్యూజెర్సీలోని మోరిస్‌టౌన్‌కు చెందిన ఆలిస్ పార్కర్ అను నీగ్రో జాతి మహిళ 1919లోనే అట్టి కొలిమికి పేటెంటు పొందినది. 1970 నాటికి సగమునకు పైగా ఇండ్లలో సహజవాయువే వాడుకలోనికి వచ్చినది.

బొగ్గు ఆరిపోయినచో గది చల్లబడును, అంతే. వాయువు మంట ఆరిపోయి వాయువు మాత్రము వచ్చుచుండినచో ఇల్లే ప్రేలిపోవును. కావున 'మంట ఉన్ననే వాయువును వదలుము' అను నియమమును యంత్రమునకు నేర్పవలసి వచ్చినది. ఇందుకు తోడ్పడినది 1821లో సీబెక్ కనుగొనిన విషయము. రెండు వేర్వేరు లోహపు తీగలను రెండు కొనలవద్ద కలిపి, ఒక అతుకును వేడిచేసినచో వలయములో విద్యుత్తు ప్రవహించును. కొలిమిలో సదా వెలుగుచుండు చిన్న దీపపు మంటలో ఇట్టి ఉష్ణయుగ్మము నొకదానిని ఉంచిరి. దానినుండి వచ్చునది సుమారు 30 మిల్లీవోల్టులు మాత్రమే. కాని ఒక చిన్న విద్యుదయస్కాంతము వాయు కవాటమును తెరచి పట్టుకొనుటకు ఇది చాలును. దీపము ఆరినచో తీగ చల్లబడి, అయస్కాంతము పట్టు వదలి, కవాటము మూసికొనును.

రేయింబవళ్లు వెలుగు దీపము వాయువును వ్యర్థపరచును. 1973 నాటి చమురు సంక్షోభము తరువాత ఈ దుబారా పలువురి కంటబడినది. క్రమముగా దీపమునకు బదులు విద్యుత్ నిప్పురవ్వయు, ఎఱ్ఱగా కాగు కడ్డియు వచ్చినవి. మంటను గుర్తించుటకు కొత్త కన్ను కావలసివచ్చినది. మంటలో అయానులు ఉండుటచే అది విద్యుత్తును కొంత ప్రసరింపజేయును. మంటలో ఒక సన్నని కడ్డీ ఉంచి, దానికిని వెడల్పైన బర్నరుకును మధ్య ఏకాంతర విద్యుత్తు నిచ్చినచో, వైశాల్యముల భేదముచే ఒక దిశలో ఎక్కువ, మరియొక దిశలో తక్కువ ప్రవహించును. మిగులు ప్రవాహము కొద్ది మైక్రో ఆంపియరులు మాత్రమే. మైక్రో ఆంపియరనగా ఆంపియరులో పదిలక్షల వంతు. అది కనబడినంత సేపే కవాటము తెరచియుండును. కడ్డీపై సన్నని మసిగాని పొరగాని పట్టినచో ఆ ప్రవాహము అందదు. అప్పుడు కొలిమి వెలుగును, కొన్ని క్షణములలో ఆరును, మరల వెలుగును, మరల ఆరును.

పొదుపు తెచ్చిన కొత్త చిక్కు

మీథేను మండినపుడు నీరు పుట్టును. రసాయనిక సమీకరణము ప్రకారము 16 గ్రాముల మీథేనుకు 36 గ్రాముల నీరు, అనగా ఒక కిలోగ్రాముకు రెండుంబావు కిలోగ్రాములు. పాత కొలుములలో ఈ నీరు ఆవిరిగా పొగగొట్టము ద్వారా పోయెడిది. దానితోపాటు దాని గుప్తోష్ణము, ఇంధనపు మొత్తము వేడిలో సుమారు పదవ వంతు, ఆకాశము పాలయ్యెడిది. పొగను సుమారు 55 డిగ్రీలకంటె చల్లబరచినచో ఆవిరి నీరుగా మారి ఆ వేడిని తిరిగి ఇచ్చును. ఇట్టి కొలుములు 1980 తరువాత వ్యాపించినవి. ఇంధనములో నూటికి 80 పాళ్లు వినియోగపడుచుండినచోట 90కి పైగా వినియోగపడజొచ్చినవి.

అయితే చల్లబడిన పొగ తనంతట తాను పైకి లేవదు. విసనకఱ్ఱ వంటి పంఖా దానిని త్రోయవలెను. పంఖా సరిగా త్రోయుచున్నదో లేదో చూచుటకు పీడనపు స్విచ్చి యొకటి అవసరమైనది. పుట్టిన నీరు కొంచెము ఆమ్లగుణము కలది. దానిని ప్లాస్టికు గొట్టము ద్వారా బయటకు పంపవలెను.

ఇచ్చటనే కథ మలుపు తిరిగినది. ఇంగ్లండు, వేల్సులలో 2005 నుండి కొత్తగా అమర్చు వాయు బాయిలర్లు సామాన్యముగా ఈ తరహావియే కావలెనని నియమము వచ్చెను. 2010 డిసెంబరు, 1910 నుండి ఉన్న బ్రిటను లెక్కలలో అతిశీతలమైన డిసెంబరు. ఇంటి వెలుపల గోడవెంట పోవు సన్నని గొట్టములలో నీరు చుక్కలు చుక్కలుగా పోవుచు గడ్డకట్టెను. వెనుకటి నీరు బాయిలరులోనికి ఎదురు తన్నెను. కావలి స్విచ్చులు మంటను ఆపివేసెను. యంత్రములో ఏ భాగమును చెడలేదు; అయినను ఎన్నో ఇండ్లు చల్లబడెను. గొట్టముపై గోరువెచ్చని నీరు పోయగానే చాలచోట్ల బాయిలరు మరల వెలిగెను. పిమ్మట గొట్టములను లావుచేయుట, ఇంటి లోపలనుండియే తీసికొనిపోవుట, ఉష్ణబంధకమును చుట్టుట అను జాగ్రత్తలు ముమ్మరమైనవి.

ఆగిన కొలిమి చెప్పు మాట

కొలిమి ఆగినప్పుడు దాని వరుసను పట్టి చూడవలెను. థర్మోస్టాటు పిలుచును; పంఖా తిరుగును; పీడనపు స్విచ్చి సరియనును; నిప్పు పుట్టును; కవాటము తెరచుకొనును; కడ్డీ మంటను చూచును; చివరకు పెద్ద పంఖా వేడిగాలిని గదులకు పంపును. ఏ మెట్టువద్ద ఆగినదో తెలిసినచో కారణము సగము తెలిసినట్లే. పంఖా తిరిగి నిప్పు పుట్టనిచో, గొట్టపు మూతిని మంచు కప్పినదేమో, నీటి గొట్టము గడ్డకట్టినదేమో చూడవలెను. వెలిగి వెంటనే ఆరినచో కడ్డీకి పొర పట్టినదేమో చూడవలెను. కొంతసేపు మండి ఆగినచో గాలిని వడకట్టు జల్లెడ దుమ్ముతో మూసుకొనిపోయి, లోహపు గది మితిమీరి వేడెక్కినదని ఊహింపవచ్చును. చలి ఎక్కువైనకొలది కొలిమి విరామములేక మండును. కావున మామూలు దినములలో దాగిన లోపము ఆనాడే బయటపడును.

చేయరాని పని ఒకటి కలదు. చలికి ఓర్వలేక కొందరు కావలి స్విచ్చి రెండు తీగలను కలిపివేసి కొలిమిని బలవంతముగా మండింతురు. పొగ వెళ్లు దారి మూసియున్నచో ఆమ్లజని చాలక కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగులేదు, వాసనలేదు. రక్తములోని హీమోగ్లోబినుతో అది ఆమ్లజని కంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా కలియును. నిద్రించువారు నిద్రలోనే మరణింతురు. మన మన్యపు ప్రాంతములలో చలికి తలుపులు మూసికొని గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొనుట యందును ఇదే అపాయము కలదు. కుంపటికి కావలి స్విచ్చి లేదు. కొంచెము తెరచిన కిటికీయే దానికి కావలి.

ఈ సూత్రములను ఉపాధ్యాయులు తరగతిలోనే చూపవచ్చును. ఇనుప తీగను, రాగి తీగను కొనలవద్ద మెలిపెట్టి, మెలికను సారాయి దీపముపై ఉంచి, మిగిలిన కొనలను గాల్వనామీటరుకు కలిపినచో ముల్లు కదలును. చల్లని నీరు నింపిన స్టీలు గ్లాసును మంటపై ఒక్క క్షణము పట్టినచో దాని వెలుపల చెమ్మ పట్టును. మొదటిది కొలిమిని కాపాడు సూత్రము. రెండవది కొలిమికి పొదుపును నేర్పి, గడ్డకట్టు చలిలో దానిని ఆపివేసిన సూత్రము.