నలభై మంది: భోపాల్ బాధితులను కోర్టులు లెక్కగట్టిన తీరు

భోపాల్ అనగానే మనకు ఒక్క రాత్రే గుర్తొస్తుంది. 1984 డిసెంబర్ 2, 3 తేదీల నడిమి రాత్రి యూనియన్ కార్బైడ్ పురుగుమందుల ఫ్యాక్టరీలో 610 నంబరు ట్యాంకులోకి నీళ్లు చేరి, సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసైనేట్ విషవాయువుగా మారి, పాత భోపాల్ మీద పడింది. చల్లబరిచే యంత్రం కొన్ని నెలల ముందే ఆపేసి ఉంది. వాయువును మండించే గొట్టం మరమ్మతులో ఉంది. ఇవన్నీ చాలామంది రాశారు, మేము మళ్లీ రాయబోవడం లేదు. మేము చెప్పదలచుకున్నది ఆ తర్వాతి కథ. ఆ గాలి పీల్చి చావకుండా మిగిలినవాళ్లు 'మేము జబ్బుపడ్డాం' అని రుజువు చేసుకోవడానికి ఎన్నేళ్లు, ఎన్ని కాగితాలు పట్టాయి, ఆ రుజువును ఎవరు ఎట్లా కొట్టిపారేశారు అన్నది.

దళిత సమస్యల పత్రికలో భోపాల్ ఎందుకని మిత్రులు కొందరు అడగవచ్చు. ఫ్యాక్టరీ గోడకు ఎదురుగా ఉన్నది జయప్రకాశ్ నగర్. ఆ పక్కన కాజీ క్యాంపు, చోలా, రైల్వే కాలనీ. బీడీలు చుట్టేవాళ్లు, హమాలీలు, తోపుడుబండ్లవాళ్లు, ఇళ్లలో పాచిపని చేసేవాళ్లు, ముస్లింలు, కింది కులాల హిందువులు బతికే బస్తీలవి. చెరువుకు ఆ పక్క కొత్త భోపాల్‌లో అధికారుల బంగళాలున్నాయి. గాలికి కులం తెలియదంటారు. గాలికి తెలియకపోవచ్చు, ఫ్యాక్టరీ పక్కన ఎవరి గుడిసెలు ఉంటాయో తెలిసినవాళ్లకు మాత్రం తెలుసు. ఇంకో కారణం కూడా ఉంది. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత కోర్టు, పరిహారం, రాజీ అనే మూడు మాటలతో మనకు దగ్గరి పరిచయం ఏర్పడింది. ఆ మూడు మాటలూ భోపాల్‌లో ఏమయ్యాయో చూడటం మనకు అవసరం.

ప్రమాదం జరిగిన వారంలోపే అమెరికా వకీళ్లు భోపాల్‌లో దిగారు. శవాల మీదికి గద్దలు దిగినట్టు దిగారని అప్పట్లో విమర్శ వచ్చింది, అది ఉత్త విమర్శ కాదు. చదువురాని జనం చేత వకాల్తా కాగితాల మీద వేలిముద్రలు వేయించుకుని అమెరికా కోర్టుల్లో వందకు పైగా దావాలు వేశారు. దీన్ని సాకుగా చూపి కేంద్ర ప్రభుత్వం 1985లో భోపాల్ చట్టం చేసింది. బాధితులందరి తరఫునా దావా వేసే హక్కు, రాజీపడే హక్కు ఇక ప్రభుత్వానిదే. పసిపిల్లకు తండ్రి ఎట్లాగో బాధితులకు రాజ్యం అట్లా అన్నది దాని వెనక ఉన్న సూత్రం. అయితే ఆ తండ్రి చేతులు ఏమంత శుభ్రంగా లేవు. కార్బైడ్ భారత కంపెనీలో అమెరికా మాతృసంస్థ వాటా 50.9 శాతం కాగా, మన ప్రభుత్వ ఆర్థిక సంస్థల వాటా దాదాపు 22 శాతం. ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చిందీ, తనిఖీ చేయాల్సిందీ ప్రభుత్వమే. ముద్దాయిల వరసలో నిలబడాల్సిన వాడు ఫిర్యాదిదారు కుర్చీలో కూర్చున్నాడు.

1985 ఏప్రిల్‌లో ప్రభుత్వం న్యూయార్క్ కోర్టులో దావా వేసింది. అక్కడ నడిచిన వాదన విచిత్రం. ఇంత పెద్ద కేసు నడిపే శక్తి మా కోర్టులకు లేదని భారత ప్రభుత్వం వాదిస్తే, భారత కోర్టులు భేషైనవని అమెరికా కంపెనీ వాదించింది. కంపెనీ తరఫున అఫిడవిట్ ఇచ్చినవాడు నానీ పాల్కీవాలా. తర్వాత మండల్ కేసులో రిజర్వేషన్లకు వ్యతిరేకంగా వాదించిన ఆ పాల్కీవాలానే. భారత ప్రభుత్వం తరఫున అఫిడవిట్ ఇచ్చినవాడు మార్క్ గాలంటర్. వెనుకబడిన వర్గాల రిజర్వేషన్ల చట్టాల మీద పెద్ద పుస్తకం రాసిన పరిశోధకుడు. ఈ ఇద్దరి పేర్లూ మన పాఠకులకు వేరే దారిలో తెలిసినవే కాబట్టి ఇక్కడ ప్రస్తావించాం. 1986 మే 12న జడ్జి కీనన్ కేసును భారతదేశానికి పంపించేశాడు. అమెరికా జ్యూరీ లెక్కగట్టే పరిహారం నుంచి కార్బైడ్ ఆ రోజే తప్పించుకుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. విషవాయువు కేసులో రుజువు ఎక్కడ ఉంటుంది? కత్తిపోటుకు గాయం కనబడుతుంది. విషం ఊపిరితిత్తుల్లో, కళ్లలో, రక్తంలో, కడుపులో ఉంటుంది, ఏళ్ల తర్వాత బయటపడుతుంది. కాబట్టి రుజువంతా వైద్యుడి కాగితంలోనే ఉంటుంది. ఆ కాగితం ఎవరి చేతిలో ఉంటే కేసు వాళ్లది. సోడియం థయోసల్ఫేట్ గొడవను ఈ వెలుగులోనే చూడాలని మా అభిప్రాయం. సయనైడ్ విషానికి వాడే చవక ఇంజెక్షన్ అది. అది ఇచ్చాక రోగి మూత్రంలో థయోసయనేట్ పెరిగితే విషం ఊపిరితిత్తుల దగ్గర ఆగలేదు, ఒంట్లోకంతా పాకిందని అర్థం. అంటే ఆ ఇంజెక్షన్ మందూ అవుతుంది, సాక్ష్యమూ అవుతుంది. భారత వైద్య పరిశోధనా మండలి పరీక్షించి, వాడమని చెప్పింది. అయినా రాష్ట్ర ప్రభుత్వ యంత్రాంగం దాన్ని జనానికి అందనివ్వలేదు. 1985 జూన్‌లో కార్యకర్తలు, యువ డాక్టర్లు కలిసి బస్తీలో జన స్వాస్థ్య కేంద్రం పెట్టి ఇంజెక్షన్లు మొదలుపెడితే, నెల తిరక్కుండానే పోలీసులు దాడిచేసి, డాక్టర్లను అరెస్టు చేసి, రికార్డులు పట్టుకుపోయారు. మందు ఇచ్చినందుకు అరెస్టు ఏమిటని అప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. రికార్డులు ఎందుకు పట్టుకుపోయారో ఆలోచిస్తే అంత ఆశ్చర్యం ఉండదు. డాక్టర్ నిశీథ్ వోరా సుప్రీంకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. భోపాల్ జనం జబ్బు కోసం, దావా డబ్బు కోసం కాకుండా, కోర్టు మెట్లెక్కిన తొలి కేసుల్లో అదొకటి.

ఆ తర్వాత ప్రభుత్వం బాధితులను పరీక్షించి, మార్కులు వేసి, తరగతులుగా విడగొట్టే పని పెట్టుకుంది. బడిలో పిల్లలకు వేసినట్టే మార్కులు. ఆస్పత్రి చీటీ ఉందా, ఎక్స్‌రే ఉందా, అడ్మిట్ అయిన కాగితం ఉందా? ఆ రాత్రి పిల్లలను భుజాన వేసుకుని పరుగెత్తిన మనిషి దగ్గర, హమీదియా ఆస్పత్రి వరండాలో కళ్లల్లో చుక్కలు వేయించుకుని ఇంటికొచ్చిన మనిషి దగ్గర ఏ చీటీ ఉంటుంది? ఊపిరాడక పనికి పోలేని బీడీ కార్మికురాలికి ఆ 'పోలేకపోవడాన్ని' ఏ డాక్టరు రాసిస్తాడు? ఆ లెక్క చివరికి సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. మొత్తం 3,58,712 మంది ఫైళ్లు మదింపు చేశారు. అందులో ఏ గాయమూ లేదన్నవాళ్లు 1,55,203 మంది. తాత్కాలిక గాయం 1,73,382 మందికి. శాశ్వత గాయం 18,922 మందికి. శాశ్వతంగా, పూర్తిగా పనికి పనికిరాకుండా పోయినవాళ్లు నలభై మంది.

నలభై. ఈ అంకెను పాఠకులు ఒకటికి రెండుసార్లు చదవాలని మా కోరిక. లక్షలమంది విషం పీల్చిన ఊరిలో, రాజ్యం లెక్క ప్రకారం, జీవితమంతా మంచాన పడ్డవాళ్లు రెండు బస్సుల్లో పట్టేంతమంది. పైగా ఈ లెక్క కట్టింది కంపెనీ కాదు, బాధితుల తండ్రినని చెప్పుకున్న ప్రభుత్వం. ఈ జనానికి ముందునుంచీ క్షయ ఉంది, తిండి లేదు, అందుకే దగ్గుతున్నారని కంపెనీవైపు నుంచి వచ్చిన మాటకు ఈ లెక్క బాగా కలిసొచ్చింది. బీదరికం వల్ల వచ్చిన జబ్బును విషం ఖాతా నుంచి తీసేయవచ్చు, ఎందుకంటే బీదరికానికి బాధ్యుడు ఎవడూ లేడు కదా!

1987 డిసెంబర్‌లో భోపాల్ జిల్లా జడ్జి దేవ్, కార్బైడ్ ముందుగా 350 కోట్ల రూపాయల మధ్యంతర పరిహారం కట్టాలన్నాడు. హైకోర్టు 250 కోట్లకు తగ్గించింది. కార్బైడ్ సుప్రీంకోర్టుకు పోయింది. ఆ అప్పీలు మీద వాదనలు నడుస్తుండగా, 1989 ఫిబ్రవరి 14, 15 తేదీల్లో అంతా తేలిపోయింది. 47 కోట్ల డాలర్లు కంపెనీ కడుతుంది, సివిలు, క్రిమినలు కేసులన్నీ రద్దు. ప్రభుత్వం అడిగింది 330 కోట్ల డాలర్లు.

ఊళ్లల్లో పెద్దమనుషుల పంచాయితీ మనకు కొత్తకాదు. దెబ్బలు తిన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టి, కొట్టినవాళ్లూ పెద్దలూ ఒక మాటనుకుని, ఇంత సొమ్ము పుచ్చుకోండి, కేసు వాపసు తీసుకోండి అంటారు. 1989 ఫిబ్రవరిలో జరిగింది అచ్చంగా అదే. తేడా ఒక్కటే, పంచాయితీలో బాధితుణ్ణి కనీసం పక్కన కూర్చోబెడతారు, ఇక్కడ అదీ లేదు. రెండున్నర నెలల తర్వాత, మే 4న, ఆ మొత్తం ఎట్లా వచ్చిందో కోర్టు వివరించింది. చావులు 3,000, శాశ్వత వైకల్యాలు 30,000, తాత్కాలిక వైకల్యాలు 20,000, అతి తీవ్రమైన గాయాలు 2,000, చిన్నాచితకా గాయాలు 50,000. జనం చేత రుజువు తెమ్మని ఐదేళ్లు తిప్పిన వ్యవస్థ, తన లెక్కకు మాత్రం ఉజ్జాయింపుతో సరిపెట్టుకుంది.

దీన్ని అడ్డుకోవడానికి బస్తీ ఆడవాళ్లు లేచారు. కుట్టుపని కేంద్రాల్లో పనిచేసే ఆడవాళ్లతో, అబ్దుల్ జబ్బార్ నాయకత్వంలో, 1986లో మొదలైన భోపాల్ గ్యాస్ పీడిత మహిళా ఉద్యోగ సంఘటన్ ఒకటి. రషీదా బీ, చంపాదేవి శుక్లా నడిపిన స్టేషనరీ కార్మికుల సంఘం ఇంకొకటి. 1989లో ఈ రెండో సంఘం ఆడవాళ్లు పిల్లలతో సహా ఢిల్లీకి కాలినడకన పోయారు. మొదటి సంఘం రాజీ మీద రివ్యూ పిటిషన్ వేసింది. ఇందిరా జైసింగ్, శాంతిభూషణ్ వంటి న్యాయవాదులు వాదించారు. వకీళ్ల పేర్లు చరిత్రలో ఉంటాయి, ఉండాలి కూడా. కానీ ప్రతి వాయిదాకూ రైలు టిక్కెట్టుకు చందాలేసుకుని, దగ్గుతూ ఢిల్లీ చలిలో నిలబడ్డవాళ్లే ఆ కేసు చచ్చిపోకుండా కాపాడారని మా అభిప్రాయం.

1989 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు భోపాల్ చట్టం చెల్లుతుందంది. రాజీకి ముందు బాధితుల మాట వినాల్సిందని ఒప్పుకుంటూనే చెల్లుతుందంది. 1991 అక్టోబర్ 3న రాజీ సొమ్మును ఖాయంచేసింది, కానీ క్రిమినల్ కేసులను తిరిగి తెరిచింది. సొమ్ము చెల్లించి నేరాన్ని కొనుక్కోలేరన్నది బాధితులు గెలిచిన ముక్క. సొమ్ము చాలకపోతే కేంద్ర ప్రభుత్వం భర్తీ చేయాలనీ, తర్వాత పుట్టిన పిల్లలతో సహా లక్షమందికి బీమా చేయించాలనీ కూడా ఆ తీర్పులోనే ఉంది. ఆ బీమా ఎవరూ చేయించలేదు.

క్రిమినల్ కేసు సంగతి త్వరగా చెప్పి ముగిస్తాం. 1996లో సుప్రీంకోర్టు ఆరోపణను నిర్లక్ష్యం స్థాయికి దించింది. 2010 జూన్ 7న ఏడుగురు భారతీయ అధికారులకు రెండేళ్ల శిక్ష పడింది, వెంటనే బెయిలూ వచ్చింది. వారెన్ ఆండర్సన్ ఒక్కనాడూ ఈ దేశపు కోర్టు బోనెక్కకుండానే 2014లో అమెరికాలో చనిపోయాడు.

1992 నుంచి క్లెయిమ్ కోర్టులు నడిచాయి. పది లక్షలకు పైగా దరఖాస్తులు వస్తే సుమారు 5,74,000 మందికి పరిహారం దక్కింది. రాజీలో అన్ని రకాల బాధితులూ కలిపి లక్షా ఐదువేలమందే! సొమ్ము మాత్రం అదే. కాబట్టి గాయపడ్డవాళ్లలో అత్యధికులకు వచ్చింది 25,000 రూపాయలు, అందులోంచి అంతకుముందు నెలకు 200 చొప్పున ఇచ్చిన మధ్యంతర సాయాన్నీ కోసుకున్నారు. డాలరు విలువ పెరిగి, వడ్డీ చేరి మిగిలిన 1,503 కోట్లను కూడా బాధితులకే పంచాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పాకగానీ ఇంకో అంత చేతికి రాలేదు. 2010లో కేంద్రమే, తన లెక్క తప్పిందని దాదాపుగా ఒప్పుకుంటూ, మరో 7,844 కోట్లు ఇప్పించమని క్యురేటివ్ పిటిషన్ వేసింది. 2023 మార్చి 14న ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఇరవై ఏళ్లు ఊరుకుని ఇప్పుడొచ్చారేమిటని, బీమా ఎందుకు చేయించలేదని ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. తప్పు తండ్రిది, శిక్ష పిల్లలకు.

మన దగ్గరి సంగతి ఒకటి. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకై పన్నెండుమంది చనిపోయినప్పుడు, ప్రభుత్వం చనిపోయినవాళ్ల కుటుంబాలకు కోటి రూపాయలు ప్రకటించింది. ప్రాథమిక చికిత్స చేయించుకున్నవాళ్లకు ప్రకటించింది 25,000. కోటి రూపాయల అంకెను పత్రికలు పెద్దక్షరాల్లో వేశాయి. గాలి పీల్చి బతికినవాళ్లు పదేళ్ల తర్వాత ఏ కాగితం చూపించాలి అన్న ప్రశ్న ఆ అక్షరాల కింద పడిపోయింది. భోపాల్ తెలిసినవాళ్లు వేయాల్సిన మొదటి ప్రశ్న అదే. విశాఖలో మన కార్యకర్తలు ఊరూరా ఆస్పత్రి చీటీల నకళ్లు, చికిత్స తేదీలు, పనిపోయిన రోజుల లెక్క రాయించి దాచాలని మేము కోరేది అందుకే.

భోపాల్‌లో ఆ కాగితం కోసం ఆడవాళ్ల సంఘాలు, కార్యకర్తలు ఇంకో కేసు వేశారు. 1998లో వేసిన ఆ పిటిషన్ మీద 2012 ఆగస్టు 9న సుప్రీంకోర్టు ఉత్తర్వులిచ్చింది. ప్రతి గ్యాస్ బాధితుడికీ ఒక ఆరోగ్య పుస్తకం ఇవ్వాలి, జబ్బు వివరాలన్నీ కంప్యూటర్లో ఎక్కించాలి, ఏ ఆస్పత్రికి పోయినా అవి కనబడాలి. పర్యవేక్షణ బాధ్యతను మధ్యప్రదేశ్ హైకోర్టుకు అప్పగించింది. ఉత్తర్వులు అమలుకాలేదని బాధితులు జబల్‌పూర్‌లో కోర్టు ధిక్కార పిటిషన్ వేయాల్సి వచ్చింది.