కోసలి: వరి మడి కోసం రూపుదిద్దుకున్న ఆవు జాతి

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పుర్ పరిసరాల్లోని వరి మైదానాలకు చెందిన దేశవాళీ పశుజాతి కోసలి. ఈ ప్రాంతపు ప్రాచీన నామమైన దక్షిణ కోసల నుంచే దీనికి ఆ పేరు వచ్చింది. రాయ్‌పుర్, దుర్గ్, బిలాస్‌పుర్, జాంజ్‌గీర్ ప్రాంతాలు దీని స్వస్థలం. హరియాణాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దీనిని ప్రత్యేక జాతిగా నమోదు చేసింది.

స్వరూపం

ఒంగోలు గిత్త వంటి భారీ పశువులను చూసిన కంటికి కోసలి చిన్నదిగా కనిపిస్తుంది. లేత ఎరుపు రంగు ఎక్కువ; తెలుపు కలిసిన బూడిద రంగు పశువులూ ఉంటాయి. నుదురు చదునుగా, కొమ్ములు పొట్టిగా ఉంటాయి. ఒక ఈతలో ఆవు ఇచ్చే పాలు సుమారు 200 నుంచి 250 కిలోలు మాత్రమే. కేవలం పాల లెక్కతో కొలిస్తే ఇది లాభసాటి పశువు కాదు. దీని అసలు విలువ ఎద్దుల్లో ఉంది.

బియాసీ సేద్యం

ఇక్కడి రైతులు తొలకరికి పొలంలో వరి విత్తనాలు వెదజల్లుతారు. నెల రోజులు దాటి మడిలో నీరు నిలిచాక, ఎదుగుతున్న పైరులోనే తేలికపాటి నాగలితో దున్నుతారు. దీనినే ‘బియాసీ’ అంటారు. కలుపు మట్టిలో కలిసిపోతుంది, ఒత్తుగా మొలిచిన పైరు పలచబడుతుంది, వేళ్లకు గాలి తగులుతుంది. బరువైన పశువు దిగితే పైరు నలిగిపోతుంది. చిన్న మళ్లలో, లోతు బురదలో చురుకుగా తిరగగల తేలికపాటి ఎద్దే ఈ పనికి తగినది. బండి లాగడానికీ కోసలి ఎద్దులు అనువైనవి.

ఎండను తట్టుకునే తీరు

మూపురం గల ఇతర భారతీయ జాతుల మాదిరిగానే దీనికీ వదులైన చర్మం, గంగడోలు, పొట్టి వెంట్రుకలు ఉంటాయి. స్వేదగ్రంథులు ఐరోపా జాతులకన్నా ఎక్కువ. దేహంలో పుట్టే వేడి తక్కువ. మాంసకృత్తులు తక్కువగా ఉన్న వరిగడ్డి తిన్నప్పుడు శరీరం యూరియాను లాలాజలం ద్వారా తిరిగి పొట్టకు చేరుస్తుంది. అక్కడి సూక్ష్మజీవులు దానిని పోషకంగా మారుస్తాయి.

పోషణ

గట్టి పశువైనంత మాత్రాన సంరక్షణ అక్కర్లేదని కాదు. పుట్టిన గంటలోపే దూడకు ముర్రుపాలు తాగించాలి. రోజుకు ఇవ్వవలసిన ముర్రుపాలు దూడ బరువులో సుమారు పదో వంతు. దూడలకు క్రమం తప్పకుండా నట్టల మందు వేయించాలి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు ఏటా వానలకు ముందు, గాలికుంటు టీకా ఆరు నెలలకొకసారి వేయించాలి. నాలుగు నుంచి ఎనిమిది నెలల వయసున్న పెయ్యదూడలకు బ్రూసెల్లోసిస్ టీకా ఒక్కసారి వేయిస్తే చాలు. 100 కిలోల వరిగడ్డిపై 4 కిలోల యూరియాను 40–50 లీటర్ల నీటిలో కరిగించి చల్లి, గాలి చొరకుండా 21 రోజులు కప్పి ఉంచితే గడ్డిలో మాంసకృత్తుల విలువ పెరుగుతుంది. ఆరు నెలలలోపు దూడలకు మాత్రం ఈ గడ్డి పెట్టరాదు. ఖనిజ మిశ్రమం, పరిశుభ్రమైన నీరు, పిడుదుల నివారణ తప్పనిసరి.

ముందున్న ముప్పు

గ్రామాల్లో రౌత్ కులస్థులు ఊరి మందను మేపడం ఇక్కడి ఆనవాయితీ. పైరు కాలంలో పశువులను కట్టడి చేసే ‘రోకా–ఛేకా’ అనే కట్టుబాటు కూడా ఉంది. ట్రాక్టర్లు, కలుపు మందుల రాకతో ఎద్దుల పని తగ్గుతోంది. పనిలేని పశువును కట్టి మేపడం రైతుకు భారం; విడిచిపెట్టిన పశువులు రహదారులకు చేరుతున్నాయి. మందలో మేలైన ఆబోతు లేకపోవడం, ఎక్కువ పాల కోసం ఇతర జాతులతో సంకరపరచడం వల్ల జాతి స్వచ్ఛత తగ్గుతుంది.

అందువల్ల పరిరక్షణ అంటే పశువుల సంఖ్యను కాపాడటం ఒక్కటే కాదు. మేలైన కోడెలను విత్తులు కొట్టించకుండా ఎంపికచేసి నిలుపుకోవడం, ఎదకు వచ్చిన ఆవులను ఆ జాతి ఆబోతులతోనే దాటించడం, ఎద్దుకు పొలంలో తిరిగి పని కల్పించడం అవసరం. పని ఉన్నంతకాలమే రైతు ఇంట కోసలికి చోటుంటుంది.