నీడ నుండి ఫిల్మ్ దాకా: హైదరాబాదు వ్యాపార భవనాల్లో ఎండ నివారణ

హైదరాబాదు పాత కట్టడాలు ఎండను వెలుపలే ఆపాయి. మందపాటి గోడలు, వసారాలు, జాలీలు, తడిపిన వట్టివేళ్ళ తడికలు అందుకు సాధనాలు. 1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి అద్దాల ముఖభాగం ఆధునికతకు చిహ్నంగా నిలిచింది. మోతీనగర్, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ దుకాణాలదీ నేడు అదే బాట. నీడ తొలగిన చోట అద్దానికి అంటించే పలుచని ఫిల్మ్ అవసరమైంది.

ఈ ఫిల్మ్‌ను నలుపును బట్టి ఎంచడం పరిపాటి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు వాహనాల అద్దాలపై ఫిల్ములను నిషేధించింది. ఆ తీర్పు నేరాల నివారణను, భద్రతను ఉద్దేశించినది. భవనాలకు సంబంధించినది కాదు. అయినా 'బ్లాక్ ఫిల్మ్' అన్న వ్యవహారం నలుపునే చలువగా భ్రమింపజేస్తున్నది.

నిజానికి సౌరశక్తిలో దాదాపు సగం కంటికి కనిపించని పరారుణ కిరణాలదే. కేవలం రంగు వేసిన ఫిల్మ్ వెలుతురును తగ్గించి, తాను గ్రహించిన వేడితో అద్దాన్నే కాగజేస్తుంది. పరారుణాన్ని అడ్డుకొనే మేలిరకం ఫిల్మ్ వెలుతురును చాలావరకు నిలిపి వేడిని తగ్గిస్తుంది. కనుక వ్యాపారి అడుగవలసినది నలుపు పాలు కాదు, లోనికి చేరే ఎండవేడి పాలు.

2004లో హైదరాబాదులో ప్రారంభమైన సి.ఐ.ఐ.–సొహ్రాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రం జాలీ గోడలను మళ్ళీ ఆశ్రయించింది. ఫిల్మ్ నీడకు తోడే గాని ప్రత్యామ్నాయం కాదని ఈ పరిణామం నిరూపిస్తున్నది.