రెండు గండ్లు, మూడు ఊళ్ళు

కడప వైపు నుంచి వచ్చే రైల్లో ముద్దనూరు స్టేషన్‌లో దిగితే బయట ఆటోవాళ్ళు అడిగే మొదటి మాట ఒకటే. "యాడికి సార్? కోటకా, పులివెందులకా?" ఉత్తరంగా పోతే జమ్మలమడుగు, అక్కడి నుంచి గండికోట. దక్షిణంగా పోతే పులివెందుల. ప్రొద్దుటూరు పోవాల్సినవాళ్ళు అంతకు ముందే ఎర్రగుంట్లలో దిగిపోయి ఉంటారు. మద్రాసును బొంబాయితో కలుపుతూ 19వ శతాబ్దంలో వేసిన ఈ రైలు దారి మూడు ఊళ్ళలో ఏ ఒక్కదాన్నీ తాకలేదు. మూడింటి మధ్యలోంచి వెళ్ళిపోయింది. ఎవరి స్టేషన్ వాళ్ళది, ఎవరి దారి వాళ్ళది. వచ్చిన అతిథిని తమ వైపు తిప్పుకోవాలన్న ఆరాటం కూడా ఎవరిది వాళ్ళదే.

ముందు ప్రొద్దుటూరు. "మాది రెండో బొంబాయి" అంటారు అక్కడివాళ్ళు. బంగారం వ్యాపారమే ఆ పేరుకు కారణం. పెళ్ళిళ్ళ కాలంలో ఒకసారి ఆ అంగళ్ళ వీధుల్లో నిలబడి చూడండి. అనంతపురం పల్లెల నుంచి, కర్నూలు పల్లెల నుంచి పెళ్ళివారు కుటుంబాలకు కుటుంబాలుగా దిగుతారు. ముసలమ్మ కొంగు ముడి విప్పి పాత కమ్మలు బయటికి తీస్తుంది. అంగడాయన వాటితో గీటురాయి మీద ఒక గీత గీసి, వెలుతురుకు పట్టి చూసి, ధర చెబుతాడు. ఆ గీత మీద నమ్మకమే ఈ ఊరి పెట్టుబడి. ముసలమ్మ రెండో అంగడికి పోదు. మ్యూజియంలో అద్దం వెనక పెట్టిన నగ కంటే ఈ దృశ్యం చూడదగ్గదని నా అభిప్రాయం. కానీ ఏ పర్యాటక పటంలోనూ దీనికి చోటు లేదు.

దసరాకు ఈ ఊరే వేరు. "మైసూరు తర్వాత మాదే" అన్నది ప్రొద్దుటూరు రెండో గొప్ప. కన్యకా పరమేశ్వరి అమ్మవారిశాలలో రోజుకో అలంకారం, ఒకనాడు నోట్లతో, ఒకనాడు బంగారంతో. విజయదశమి రాత్రి తొట్టి మెరవణి అనే ఊరేగింపు. ఆ రాత్రి ఊరు నిద్రపోదు. ఉద్యోగాలకు హైదరాబాద్, బెంగళూరు వెళ్ళినవాళ్ళు సంక్రాంతికి రాకపోయినా దసరాకు వస్తారు. ఇంకొక సంపద కూడా ఉంది ఈ ఊరికి. శివతాండవం రాసిన పుట్టపర్తి నారాయణాచార్యులు, శివభారతం రాసిన గడియారం వేంకటశేషశాస్త్రి, రాణాప్రతాపసింహ చరిత్ర రాసిన దుర్భాక రాజశేఖర శతావధాని ముగ్గురూ ఇక్కడ బతికినవాళ్ళే. పుట్టపర్తివారు అగస్త్యేశ్వరాలయంలో ప్రదక్షిణలు చేస్తూనే శివతాండవం అల్లారని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముగ్గురు మహాకవులు ఒకే పట్టణంలో ఉండటం తెలుగునాట ఎన్ని ఊళ్ళకు దక్కింది?

జమ్మలమడుగుకు అంత జనమూ లేదు, అంత బజారూ లేదు. దానికి గండికోట ఉంది. పదిహేను కిలోమీటర్లు పోతే ఎర్రమల కొండలు రెండుగా చీలి, మధ్యలో పెన్న. ఆ చీలికే గండి, దాని పక్కన కట్టింది గండికోట. 1123లో కాకరాజు కట్టించాడని ఊరి పాత చరిత్ర రాసిన కైఫియత్తు చెబుతుంది. విజయనగర కాలంలో పెమ్మసాని నాయకులు ఏలారు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. రెండేళ్ళకు ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఆయన్ను వెతుక్కుంటూ ఈ కొండెక్కి వచ్చాడు. ఫిరంగులు పోయడానికి చుట్టుపక్కల గుళ్ళలోని రాగి విగ్రహాలన్నీ తెచ్చి కరిగించారనీ, గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత చేసినా కరగలేదనీ ఆయన రాసుకున్నాడు. ఈ కథ విన్నాక మాధవరాయస్వామి గోపురం కింద నిలబడితే ఖాళీ గర్భగుడి వేరే విధంగా కనిపిస్తుంది.

కోటలో జామియా మసీదు దాటి, రాళ్ళ మీదుగా అంచుకు వెళ్ళాలి. మెట్లు లేవు. పేర్చినట్టున్న ఎర్ర బండలు ఒకదాని మీదొకటి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు మసీదు దగ్గరే ఆగిపోతారు. చిన్నపిల్లలున్న తల్లులు గట్టిగా చేతులు పట్టుకుంటారు. చివరి బండ మీద కూర్చుంటే కింద పచ్చటి నీళ్ళు, ఎదురుగా నిట్టనిలువు గోడ. దీన్ని చూసి 'గ్రాండ్ కాన్యన్ ఆఫ్ ఇండియా' అని రాయడం ఇప్పుడు అందరికీ అలవాటైంది. నాకు ఆ పేరు నచ్చదు. అమెరికా లోయ దాదాపు 446 కిలోమీటర్ల పొడవు, మైలు పైన లోతు. దానితో పోలిస్తే మనది చిన్నది, పోల్చకపోతే మనది మనదే. అక్కడ లేని కోట, గుడి, మసీదు, ధాన్యాగారం మన అంచు మీద ఉన్నాయి. గండి అన్న రెండక్షరాల మాట ఉండగా అరువు పేరెందుకు?

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఈ గండి దగ్గరే పెన్న మీద గండికోట జలాశయం ఉంది. 26.85 టీఎంసీల ఆ జలాశయం కోసం తాళ్ళప్రొద్దుటూరు, కొండాపురం వైపు పల్లెలు ఖాళీ అయ్యాయి. ఫొటో తీసుకునేవాళ్ళకు ఆ మాట చెప్పే పలక ఒకటి అంచు మీద ఉండాలి.

పులివెందుల పేరు పులిమందల నుంచి వచ్చిందంటారు. బయటివాళ్ళకు ఆ ఊరు రాజకీయంగానే తెలుసు. లోపలికి వెళితే చీనీ తోటలు, అరటి తోటలు, రంగనాథస్వామి గుడి, లింగాల దగ్గర పార్నపల్లెలో చిత్రావతి జలాశయం. వేంపల్లె మీదుగా పోతే పాపఘ్ని నది పాలకొండలను చీల్చుకుని వచ్చేచోట ఇంకొక గండి. అక్కడ వీరాంజనేయస్వామి. రాముడు బాణం మొనతో బండ మీద హనుమంతుడి బొమ్మ గీశాడనీ, ఎడమ చేతి చిటికెన వేలు గీయకుండానే బయలుదేరాడనీ స్థలపురాణం. శ్రావణ శనివారాల్లో కొండ దారి నిండా జనమే. వాయుదేవుడు ఆ రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడనీ, దత్తమండలాలను పాలించిన సర్ థామస్ మన్రో ఇటుగా వెళుతూ దాన్ని చూశాడనీ, చూసిన కొద్దికాలానికే చనిపోయాడనీ ఇంకో కథ. మన్రో 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయిన మాట చరిత్ర. తోరణం మాట జనానిది. చనిపోయిన దొరకు కూడా బంగారు తోరణం చూసే భాగ్యాన్ని ఇచ్చిన ప్రజలు వీళ్ళు.

ఇలా ఎవరికి ఉండేది వాళ్ళకుంది. మరి పోటీ ఎందుకు వచ్చింది? వేడుకల కంటే ముందు కచేరీలు, రైళ్ళ దగ్గర మొదలైందది. ప్రొద్దుటూరు పురపాలక సంఘం 1915 నాటిది. జనాభా లక్షన్నర దాటింది. అయినా రెవెన్యూ డివిజన్ కేంద్రం మాత్రం చిన్న ఊరైన జమ్మలమడుగు. పట్టాదారు పాసుపుస్తకం తగాదా అయినా, భూమి కేసయినా పెద్ద ఊరివాడు చిన్న ఊరికి బస్సెక్కాల్సిందే. ఈ మాట ఎత్తితే ప్రొద్దుటూరు పెద్దవాళ్ళ గొంతు ఇప్పటికీ మారుతుంది. 2016 ఆగస్టులో నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గం మొదలై, ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ రైలు వచ్చింది. పులివెందులకు ఇప్పటికీ లేదు. బదులుగా ఇంజినీరింగ్ కళాశాల, పార్కులు, 2022లో సొంత రెవెన్యూ డివిజన్ వచ్చాయి. 2023 జులైలో గండికోటలో ఒబెరాయ్ హోటల్‌కు శంకుస్థాపన జరిగింది. 2024లో గండికోట అభివృద్ధికి కేంద్రం దాదాపు 78 కోట్లు మంజూరు చేసింది. ఒక ఊరికి ఒకటి వచ్చినప్పుడల్లా మిగతా రెండూ "మాకేదీ?" అని అడుగుతాయి. అడగటం తప్పని నేననను. కరువు సీమలో అడగందే ఏదీ రాలేదు.

పక్కపక్క ఊళ్ళ పంతం లోకమంతా ఉన్నదే. అమెరికా నడుమ మిసిసిపీ నది ఒడ్డున మినియాపొలిస్, సెయింట్ పాల్ అని రెండు నగరాలున్నాయి. మేమే పెద్ద అనిపించుకోవాలని 1890 జనాభా లెక్కల్లో రెండూ దొంగ పేర్లు రాయించాయి. ఒకచోట రైల్వే డిపోలో వందల మంది కాపురమున్నట్టు రాశారు, ఇంకోచోట చచ్చినవాళ్ళను లెక్కలో కలిపారు. చివరికి మళ్ళీ లెక్క పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ రెండిటినీ కలిపి జంట నగరాలంటారు. రెండింటికీ కలిపి ఒకటే పెద్ద విమానాశ్రయం.

మన పోటీలో నన్ను బాధపెట్టేది ఒకటుంది. మూడు ఊళ్ళూ తమ తమ గొప్పలు చెప్పుకుంటున్న చోట, ఏ ఊరికీ చెందనివి మధ్యలో మిగిలిపోయాయి. ఎర్రగుంట్ల నుంచి ముద్దనూరు పోయే దారిలో కలమళ్ళ ఉంది. థర్మల్ ప్లాంటు పొగ గొట్టాలు కనిపిస్తే దగ్గరికి వచ్చినట్టే. అక్కడి చెన్నకేశవ సిద్ధేశ్వరాలయంలో క్రీ.శ. 575 నాటి శాసనం దొరికింది. రేనాటి చోడుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించింది. మనకు దొరికిన తొలి తెలుగు శాసనంగా పండితులు లెక్కించేది దాన్నే. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు ఈ పేరు అందరి నోటా నలిగింది. నేను వెళ్ళిన రోజు మధ్యాహ్నం గుడి ఆవరణలో వేపచెట్టు నీడన ఇద్దరు ముసలివాళ్ళు తప్ప ఎవరూ లేరు. "రాళ్ళు సూడనీకి వచ్చినావా నాయనా? అప్పుడప్పుడు సదువుకున్నోళ్ళు వస్తాంటారు" అని ఒకాయన పక్కకు జరిగి చోటిచ్చాడు. దొరికినంతలో తెలుగు శాసనం మొదటిసారి రాయి మీదికి ఎక్కిన చోటు అది. ఆ మధ్యాహ్నం అక్కడికి వచ్చిన యాత్రికుణ్ణి నేనొక్కణ్ణే.

దానవులపాడుదీ ఇదే గతి. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున ఇసుకలో కూరుకుపోయిన జైన క్షేత్రాన్ని 20వ శతాబ్దం మొదట్లో తవ్వి తీశారు. శాంతినాథుడి అభిషేకానికి రాష్ట్రకూట రాజు నిత్యవర్షుడు చేయించిన రాతి పీఠం అందులో బయటపడింది. ఆ శిల్పాల్లో కొన్ని మద్రాసు మ్యూజియానికి చేరాయి. వేముల మండలం నల్లచెరువుపల్లెలో మోపూరు భైరవేశ్వరుడు విజయనగర కాలపు శాసనాలతో నిలబడి ఉన్నాడు. అదే మండలంలో ఉన్న యురేనియం గని పేరు తెలిసినంతగా ఆ గుడి పేరు పక్క తాలూకాలకు తెలియదు.

ధనంజయుడి కాలానికి ఈ మూడు ఊళ్ళ నేల ఒకటే, రేనాడు. విజయనగర కాలంలో గండికోట సీమ. నీళ్ళు ఇప్పటికీ ఆ లెక్కనే పాటిస్తున్నాయి. పులివెందుల వైపు పార్నపల్లె దాటిన చిత్రావతి గండికోటకు ఎగువన పెన్నలో కలుస్తుంది. ఆ పెన్న గండి దాటి, మైలవరం ఆనకట్ట దాటి, జమ్మలమడుగు పక్కగా ప్రొద్దుటూరు చేరుతుంది. గండికోటకు వచ్చిన కృష్ణా నీళ్ళను పంపులు మళ్ళీ ఎత్తి చిత్రావతి జలాశయానికి, అంటే పులివెందులకు పంపుతున్నాయి.

ఒక మనవి. బెంగళూరు నుంచి శనివారం రాత్రి కార్లలో వచ్చి, గండికోటలో సూర్యోదయం చూసి, మధ్యాహ్నానికి వెళ్ళిపోయేవాళ్ళు ఇప్పుడు వేలల్లో ఉన్నారు. వాళ్ళ కోసం ప్రొద్దుటూరులో మొదలై కలమళ్ళ, గండికోట, దానవులపాడు, మోపూరు, గండి చూపించే బస్సు ఒకటి వారానికి రెండు రోజులైనా ఆర్టీసీ నడపాలి. మూడు ఊళ్ళూ కలిసి అడిగితే అది పెద్ద కోరిక కాదు. బస్సు వచ్చేదాకా ఆగక్కర్లేదు కూడా. ఈసారి గండికోటకు వస్తే ఎర్రగుంట్ల దగ్గర బండి తిప్పి, కలమళ్ళ గుడిలో అరగంట కూర్చుని రండి. పలక కనిపించకపోతే పొగ గొట్టాల కింద ఎవరినడిగినా దారి చెబుతారు.