ఆర్యావర్తపు ఎల్లలు ఎక్కడివి?

ఆర్యావర్తమున ఏయే దేశములు చేరునను విషయమున ధర్మశాస్త్రకర్తలకే ఏకాభిప్రాయము లేదు. సరస్వతి అంతర్ధానమగు చోటికి తూర్పున, కాలకవనమునకు పడమట, హిమవంతమునకు దక్షిణమున, పారియాత్రమునకు ఉత్తరమున గల భూమియని బౌధాయన ధర్మసూత్రము. గంగాయమునల నడిమి నేల మాత్రమేయను మతమును కూడ ఆ సూత్రమే పేర్కొన్నది. మనుస్మృతియో, హిమవద్వింధ్యముల నడుమ తూర్పు సముద్రము మొదలు పడమటి సముద్రము వరకు దానిని విస్తరింపజేసినది.

మఱి కళింగము? అచ్చటికి పోయినవాడు పాదములతో పాపము చేసినవాడేయని, వైశ్వానర హవిస్సు దానికి నిష్కృతియని బౌధాయనుడు. శ్రీముఖలింగేశ్వరుడు వెలసిన శ్రీకాకుళసీమ ఆ కళింగములోనిదే! దక్షిణాపథవాసులను సైతము ఆయన సంకీర్ణయోనులలో చేర్చెను. అయినను బౌధాయన సూత్రమును అనుష్ఠించు కుటుంబములు దక్షిణమున నేటికిని గలవు.

కృష్ణసారమృగము స్వభావసిద్ధముగా సంచరించు దేశము యజ్ఞయోగ్యమని మనువు చెప్పగా, భాష్యకారుడు మేధాతిథి మఱింత లోతునకు పోయెను. భూమి తనంత తాను దుష్టము కాదు, సంసర్గముచేతనే దుష్టమగును. సదాచారపరుడైన రాజు మ్లేచ్ఛదేశమును జయించి చాతుర్వర్ణ్యమును నెలకొల్పెనేని అదియును యజ్ఞార్హమేయని ఆయన నిర్ణయము. ఈ లెక్కన పర్వతములు, నదులు ఎల్లలు కానేరవు. కృష్ణాగోదావరుల నడుమ కూర్చుండి సంకల్పము చెప్పుకొను తెలుగు గృహస్థునకు ఆధారము ఈ భాష్యముననే లభించుచున్నది.